క్యాంపులో చేర్చకపోతే పిల్లలు వెనకబడిపోతారా?

ప్రశ్న: టీచరమ్మగారికి నమస్కారం. మాది విజయవాడ. బాబుకి పదకొండేళ్లు, పాపకి ఏడు. నేను ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుడతాను. మావారిది ప్రైవేటు ఉద్యోగం, ఆదివారం ఒక్కటే సెలవు. మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలందరినీ సమ్మర్ క్యాంపుల్లో చేర్పిస్తున్నారు. ఒకరు రోబోటిక్స్, ఒకరు అబాకస్. ఇద్దరికీ ఫీజులు కట్టే స్తోమత మాకు లేదు. ఇంట్లో ఉంటే పొద్దున లేచింది మొదలు ఫోనే. లాక్కుంటే ఏడుపులు, కొట్లాటలు. బయటికి పంపిద్దామంటే ఎండ. అమ్మ వాళ్లది గుడివాడ దగ్గర పల్లెటూరు, చెల్లెలు కరీంనగర్‌లో ఉంటుంది. పంపితే ఎన్నాళ్లని పంపను? జూన్ దాకా వీళ్లతో ఎలా వేగాలి? మిగతా పిల్లలకంటే వెనకబడిపోతారేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక అమ్మ

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో చివరి మాట దగ్గరే మొదలుపెడతాను. రెండు వారాల క్యాంపుకి వెళ్లనంత మాత్రాన ఏ పిల్లలూ వెనకబడరు. నేను ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పాను. జూన్‌లో బడి తెరిచినప్పుడు ఎవరు క్యాంపుకి వెళ్లొచ్చారో, ఎవరు అమ్మమ్మగారింట్లో మామిడిచెట్టెక్కి మోచేతులు గీరుకుని వచ్చారో వాళ్ల లెక్కల పుస్తకం చూసి చెప్పడం నా వల్ల ఎప్పుడూ కాలేదు. కాకపోతే రెండో రకం వాళ్ల దగ్గర కబుర్లు ఎక్కువుండేవి. క్యాంపులు చెడ్డవని కాదు. ఈత లాంటిది మనం ఇంట్లో నేర్పలేం కదా, డబ్బు పెట్టదలచుకుంటే దానికి పెట్టండి. మిగతావి ఈ ఏడాదికి వదిలేయండి.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెబుతాను. మా పిల్లలు మీ పిల్లలంత ఉన్నప్పుడు, సెలవులిచ్చిన మర్నాడే పెద్ద చార్టు కొనుక్కొచ్చి రంగురంగుల స్కెచ్‌పెన్నులతో టైమ్‌టేబుల్ గీశాను. ఆరు నుంచి ఆరున్నర వ్యాయామం, ఏడు నుంచి ఎనిమిది చేతిరాత, పది నుంచి పదకొండు బొమ్మలు. నాలుగో రోజుకల్లా మా పెద్దాడు ఆ చార్టు వెనక్కి తిప్పి క్రికెట్ స్కోరు రాసుకుంటున్నాడు. బడి గంటని ఇంటికి మోసుకొస్తే ఎవరైనా అంతే చేస్తారు. మరుసటేడు గడియారం జోలికి పోలేదు. ఎండని చూసి రోజుని మూడు ముక్కలు చేసుకున్నాం. ఎండ ముదరక ముందు, ఎండ మండేటప్పుడు, ఎండ దిగాక. మీరూ అలాగే చేయండి.

ఎండ ముదరక ముందు అంటే మీ బెజవాడలో ఎనిమిదిన్నర లోపే. ఆ టైములో వారానికి ఒకటి రెండు రోజులు బాబుని రైతుబజారుకి తీసుకెళ్లండి. రెండు వందలు వాడి చేతిలో పెట్టండి. ఆ రోజు కూర, పచ్చడి, పళ్లు వాడి పూచీ. అక్కడ బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి, వాటిని ఒక కాగితం మీద ఎక్కించుకోమనండి. తర్వాత మీ వీధిలోకి తోపుడుబండి వచ్చినప్పుడు అవే కూరలు కిలో ఎంతో అడిగి పక్కన రాయమనండి. తేడా ఉంటుంది. ఆ తేడా ఎందుకొచ్చిందో మీరు చెప్పకండి, వాణ్ణే బండి అతన్ని అడగనివ్వండి. తెల్లవారుజామున లేచి సరుకు తెచ్చిన కష్టం, ఎండకి వాడిపోయి పారబోసిన తోటకూర, ఇవన్నీ అతనే చెబుతాడు. దళారులు లేకుండా రైతులు నేరుగా అమ్ముకోవాలనే 1999లో ఈ రైతుబజార్లు పెట్టారు. ఆ సంగతి మాత్రం మీరు చెప్పండి.

మొదటిసారి వాడు ముదురు బెండకాయలు తెస్తాడు. తేనివ్వండి. ఏమీ అనకుండా వండి పెట్టండి. పీచు నోట్లో నలగక నానా తంటాలు పడ్డాక, రెండోసారి వెళ్లినప్పుడు వాడే ఒక్కో కాయ కొన తుంచి చూసుకుంటాడు.

ఇక మధ్యాహ్నం. పదకొండు నుంచి నాలుగున్నర దాకా గడప దాటనివ్వకండి. ఫోన్ గొడవలన్నీ వచ్చేది ఇక్కడే. ఈ టైముకి పనికొచ్చే మాటొకటి మీ ఉత్తరంలోనే ఉంది, మీరే పట్టించుకోకుండా దాటేశారు. మిషన్ కుడతానన్నారు కదా! ఊళ్లో ఏ క్యాంపులోనూ లేని వర్క్‌షాపు మీ ముందుగదిలో నడుస్తోందమ్మా.

మీ మెడలో వేలాడే టేపు బాబు చేతికివ్వండి. పూలమ్మే ఆవిడ మూరకింత అని అమ్ముతుంది కదా, ఆ మూర ఎంతో కొలిచారా ఎప్పుడైనా? మోచేతి నుంచి నడివేలి కొసదాకా. మీ మూర, మీవారి మూర, పాప మూర కొలిచి రాయమనండి. పాత లెక్కలో మూడు బెత్తెలు ఒక జాన, రెండు జానలు ఒక మూర, నాలుగు మూరలు ఒక బార. అంటే మూర పద్దెనిమిది అంగుళాలు, బార ఆరడుగులు. ఎవరి కొలత ఆ లెక్కకి దగ్గరగా వచ్చిందో చూడమనండి. తర్వాత అందరినీ గోడకి ఆనించి చేతులు బార్లా చాపించి కొలవమనండి, ఎత్తు కూడా కొలవమనండి. చాలామందిలో ఈ రెండూ దాదాపు ఒకటే ఉంటాయి. నాకు తెలిసి పిల్లలెవరూ ఇది మొదటిసారికే నమ్మరు. వాచ్‌మన్‌ని, పక్కింటి తాతగారిని, అందరినీ పట్టుకుని కొలుస్తారు. రెండు మధ్యాహ్నాలు అలా గడిచిపోతాయి. సాయంత్రం పూలావిడ వచ్చినప్పుడు ఆవిడ మూర కూడా కొలుస్తానంటాడు. ఆవిడ ఏమంటుందో మరి, అది మీరు చూసుకోండి.

పాపకి మిషన్ కింద పడే గుడ్డముక్కలు, లావు సూది, పాత గుండీలు ఇవ్వండి. ఏడేళ్ల పిల్ల గుండీ కుట్టగలదు. వంకరగా కుడుతుంది, దారం ముడి పడుతుంది, విప్పుకుంటుంది. బొమ్మకి లంగా కుట్టమనండి. మిషన్ పెడల్ దగ్గరికి మాత్రం ఇద్దరినీ రానివ్వకండి.

ఇది ఆవకాయ రోజులు కూడా కదా. ప్రతి ఏడూ మీరొక్కరే వంటింట్లో చెమటలు కక్కుతూ పెట్టి ఉంటారు. ఈసారి పిల్లలకి వేరుగా ఒక చిన్న జాడీ ఇవ్వండి. కాయలు కొట్టించుకొచ్చాక జీడి తీసి, టెంక లోపలుండే సన్నటి పొర ఒలిచి, పొడిగుడ్డతో ఒక్కో ముక్కా తుడిచే పని పాపది. తడి ఉంటే బూజు పడుతుందని ఒకసారి చెప్పండి చాలు, ఇక ఆ పిల్ల మిమ్మల్నే వంటింట్లోకి తడిచేత్తో రానివ్వదు. కొలతలు బాబువి. నాలుగు గ్లాసుల ముక్కలకి గ్లాసు ఆవపిండి, గ్లాసు కారం, ముప్పావు గ్లాసు ఉప్పు, గ్లాసు పైన కాస్త నువ్వుల నూనె, చెంచాడు మెంతులు. ముక్కలు ఆరు గ్లాసులైతే ఏది ఎంత వేయాలో మీరు చెప్పకండి. ముప్పావులో సగం ఎంత అని వాడు వేళ్లు మడుస్తుంటే చూడటం నాకు భలే ఇష్టం. లెక్కల టీచర్ని కదా! కారం కలపడం మాత్రం మీ పని.

మూడో రోజు తిరగకలిపేటప్పుడు ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకోండి. కలిపిననాడు గట్టిగా, పొడిగా ఉన్నదల్లా ఇప్పుడు ఊటలో తేలుతూ ఉంటుంది. చుక్క నీళ్లు పోయలేదు, మరి ఈ తడి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగండి. ముక్కలో నీటిని ఉప్పు బయటికి లాగింది. పైన నూనె గాలి తగలకుండా మూతలా నిలుస్తుంది. బాబు ఇంకో రెండేళ్లకి సైన్సులో ద్రవాభిసరణ అనే పెద్ద మాట నేర్చుకుంటాడు. అప్పుడు వాడికి ఈ జాడీ గుర్తొస్తే చాలు. మీరు పెట్టిన పెద్ద జాడీ పక్కనే వాళ్ల జాడీ కూడా భోజనాల దగ్గర పెట్టాలి. ఉప్పు ఎక్కువైనా సరే, మీవారు మాట్లాడకుండా తినాలి.

ఎండని తిట్టుకోవడం మన అలవాటు గానీ, దాన్నే పనిముట్టుగా వాడుకోవచ్చు. రేపు పొద్దున డాబా మీద ఒక కర్రని బకెట్ ఇసుకలో నిటారుగా పాతండి. ఏడుకీ, ఎనిమిదికీ నీడ కొస ఎక్కడుందో సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. తర్వాత పన్నెండుకి ఒకసారి మీరు తోడు వెళ్లి, టోపీ పెట్టించి, రెండు నిమిషాల్లో దించేయండి. మళ్లీ సాయంత్రం. ఇలా వారం పెడితే మధ్యాహ్నపు నీడ రోజురోజుకీ కురచవుతోందని వాళ్లకే తెలుస్తుంది. మే 5, 6 తేదీల ప్రాంతంలో, మధ్యాహ్నం 12 దాటి ఓ నాలుగు నిమిషాలకి, విజయవాడలో ఆ కర్రకి అసలు నీడే ఉండదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మన ప్రాంతాల్లో ఇలా ఏడాదికి రెండుసార్లే జరుగుతుంది, రెండోది ఆగస్టులో వస్తుంది. అప్పటికి మబ్బులు పడతాయి కాబట్టి ఇప్పుడు చూడటమే మేలు. ఢిల్లీలో పిల్లలకి ఈ అదృష్టం లేదు, అక్కడ సూర్యుడు ఎప్పుడూ నడినెత్తికి రాడు.

కరీంనగర్‌లో ఉన్న మీ చెల్లెలు ఇక్కడే పనికొస్తుంది. పిన్నికి ఫోన్ చేసి వాళ్ల డాబా మీద కూడా కర్ర పాతమని బాబుని అడగమనండి. మీకు నీడ మాయమైన రోజున వాళ్లకి ఇంకా కొంచెం ఉంటుంది. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, కరీంనగర్‌లో మే 13 ప్రాంతంలో మాయమవుతుంది. వేసవిలో సూర్యుడు రోజుకింత చొప్పున ఉత్తరానికి జరుగుతున్నాడని పాఠంలో చదవడం వేరు, పిన్నితో ఫోన్‌లో ‘మాకు అయిపోయింది, మీకెప్పుడు?’ అని పోటీ పడటం వేరు.

అదే ఫోన్‌లో ఇంకో పోటీ కూడా పెట్టొచ్చు. రెండు ఇళ్లలోనూ ఒకేలాంటి కొత్త మట్టికుండలో నీళ్లు పోసి, పక్కన స్టీలు గిన్నెలో కూడా పోసి, మధ్యాహ్నం మూడింటికి రెండిట్లోనూ థర్మామీటర్ పెట్టి చూడాలి. జ్వరం చూసేది పనికిరాదు, ల్యాబుల్లో వాడే గాజు థర్మామీటర్ సైన్సు సామాన్లమ్మే షాపులో తక్కువకే దొరుకుతుంది. కుండ ఒళ్లంతా చెమర్చి, ఆ తడి గాలికి ఆరిపోతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. కరీంనగర్ గాలి పొడి, మీది ఉక్కపోత. అంచేత సాధారణంగా వాళ్ల కుండే ఎక్కువ చల్లబడుతుంది. మీ వాడు ఓడిపోయి అలుగుతాడేమో. ఉక్కపోతలో చెమట ఎందుకు ఆరదో, బెజవాడలో ప్రాణం ఎందుకంత ఉసూరుమంటుందో కూడా ఈ కుండతోనే చెప్పొచ్చు.

ఆటల గురించి ఎక్కువ రాయను, మీకు తెలిసినవే. పులి-మేక, అష్టాచెమ్మా, వామనగుంటలు, అచ్చనగాయలు. సుద్దముక్కతో గచ్చు మీద గీసుకుంటే చాలు. వీటిలో నేను మాత్రం అష్టాచెమ్మా పక్షం. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఏది ఎన్నిసార్లు పడుతుందో ఓ వంద సార్లు వేయించి బాబు చేత గీతలు గీయించండి. అష్టా కోసం అరిచి గీపెట్టేది ఎందుకో, రెండు పడితే ఎవరూ ఎందుకు సంబరపడరో ఆ గీతలే చెబుతాయి. ఒక్క సంగతి, మీరు కూడా కూర్చుని ఆడాలి. అరగంట చాలు. ‘మీరిద్దరూ ఆడుకోండి’ అంటే పది నిమిషాల్లో తగాదా వస్తుంది.

ఫోన్ లాక్కోకండి, టైము కట్టండి. సాయంత్రం ఫలానా గంట అని చెప్పి ఇచ్చేయండి. ఆ గంటలో మీరు సణగకూడదు, గంట దాటాక వాళ్లు బేరమాడకూడదు. మొదటి మూడు నాలుగు రోజులు ‘అమ్మా, బోర్ కొడుతోంది’ అని మీ మిషన్ చుట్టూ తిరుగుతారు. వెంటనే ఏదో ఒకటి చేతిలో పెట్టేయకండి. విసుగు పుట్టి పుట్టి, ఐదో రోజున ఫ్రిజ్ అట్టపెట్టెని ఇల్లో, బస్సో చేసేసుకుంటారు. రాత్రి అన్నాల దగ్గర మీవారి ఫోన్ కూడా బీరువా మీదే ఉండాలి. ఈ ముక్క ఆయనకి చదివి వినిపించండి.

ఆయనకున్న ఒక్క ఆదివారాన్నీ మాల్‌లో ఖర్చు పెట్టకండి. పొద్దున ఆరింటికే ప్రకాశం బ్యారేజీ మీదికి వెళ్లండి. 1957లో పూర్తయింది, పొడవు పన్నెండు వందల మీటర్ల పైచిలుకు. డెబ్బై గేట్లంటారు, నిజమో కాదో పాపని లెక్కపెట్టమనండి. అవతలి ఒడ్డున ఉండవల్లి గుహలు. అక్కడ పడుకుని ఉన్న అనంత పద్మనాభస్వామిని రాతిలోనే మలిచారు. ఎక్కడో చెక్కి తెచ్చి పెట్టింది కాదని చెబితే మీవాడు చుట్టూ తిరిగి అతుకు కోసం వెతుకుతాడు. తొమ్మిదికల్లా ఇంటికొచ్చేయండి, ఆ తర్వాత రాయి కాలుతుంది. ఇంకో ఆదివారం బందరు రోడ్డులో బాపు మ్యూజియం. 1921లో కాంగ్రెస్ సమావేశాలకి గాంధీగారు బెజవాడ వచ్చినప్పుడు పింగళి వెంకయ్యగారు జెండా నమూనా చూపించింది మీ ఊళ్లోనే. వెళ్లేముందు మ్యూజియానికి సెలవు ఏ రోజో కనుక్కోండి. గేటు దాకా వెళ్లి వెనక్కొస్తే పిల్లలు ఏడాది పాటు దెప్పుతారు.

అన్నిటికంటే కొండపల్లి వెళ్లమంటాను. పాతిక కిలోమీటర్ల లోపే. కోటకి ఎండలో వద్దు, బొమ్మల కాలనీకి వెళ్లండి. అరుగుల మీద కూర్చుని చేసుకుంటూ ఉంటారు, మర్యాదగా అడిగితే చూపిస్తారు. తెల్లపొణికి చెక్క ఒకటి పాప చేతిలో పెట్టించండి, అంత తేలికా అని ఆశ్చర్యపోతుంది. ఏనుగు తొండం వేరే, కాళ్లు వేరే చెక్కి, రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపిన మక్కుతో అతికిస్తారు. అతుకు మీద మక్కు మెత్తి, ఆరాక నునుపు చేసి రంగులేస్తే ఇక ఎక్కడ కలిపారో కనిపించదు. పెద్ద దశావతారాల సెట్టు కొనక్కర్లేదు. చిన్న బొమ్మ ఒకటి కొనండి, బేరం మరీ పీకకండి. ఇంటికొచ్చాక చింతగింజలు వేయించి, పొట్టు తీసి, పొడి కొట్టి, నీళ్లలో ఉడికిస్తే జిగురు తయారు. బాబు అట్టపెట్టె బస్సుకి అదే వాడొచ్చు.

అమ్మగారి ఊరికి ఓ పది రోజులు పంపండి, రెండు మూడు రోజులు మీరూ వెళ్లండి. ముంజల కాలం ఇది. చెంచాతో తీసి గిన్నెలో వేసిచ్చేది ముంజ తినడం కాదు, బొటనవేలు గుచ్చి జుర్రుకోవాలి, నీళ్లు చొక్కా మీద కారాలి. తిన్నాక బుర్రలు పారేయకుండా రెండిటి మధ్య పుల్ల గుచ్చితే ఇరుసూ చక్రాలూ తయారు. పొడుగాటి పంగల కర్రని ఇరుసుకి ఆనించి తోస్తే బండి. బుర్రలు ఎండి వంకర తిరిగేలోగా రెండు రోజులు పరిగెడుతుంది. ఇది చేయడం ఊళ్లో పిల్లలు నేర్పుతారు, మీ వాడికి ఫోన్‌లో వచ్చినవి వాడు వాళ్లకి చెబుతాడు. అమ్మమ్మకి ఒక పని అప్పజెప్పండి. రాత్రి డాబా మీద పక్కలేసుకున్నాక తన చిన్నప్పటి సంగతులు చెప్పాలి, బాబు నోట్‌బుక్‌లో రాయాలి. ఆవిడ అమ్మ పేరేమిటి, అమ్మమ్మ పేరేమిటి, ఏ ఊరి నుంచి వచ్చారు. పొడుపు కథలు కూడా. ‘చిటారు కొమ్మన మిఠాయి పొట్లం’ అంటే తేనెపట్టు అని పాపకి తెలుసో లేదో.

ఒక్క విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి. కాలవలో, చెరువులో, కృష్ణ రేవులో పెద్దవాళ్లు పక్కన లేకుండా కాలు పెట్టకూడదు. ఈత వచ్చినా సరే. ఏ వేసవీ ఈ కబురు పేపర్లో రాకుండా పోవడం లేదు. ఊరికి పంపే ముందు మీ అమ్మగారికీ, పిల్లలకీ విడివిడిగా చెప్పండి. ఆగి ఉన్న కార్లలోకి ఎక్కి ఆడుకోనివ్వొద్దు. దాహం వేసినా వేయకపోయినా మజ్జిగ, మంచినీళ్లు తాగుతూ ఉండాలి. వాంతులో, విరేచనాలో పట్టుకుంటే, ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరికేలోగా లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా పట్టండి. చెంచా అంటే టీస్పూను, తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువ కాకూడదు. ఒళ్లు కాలిపోతూ మగతగా ఉంటే ఇంట్లో వైద్యాలు వద్దు. నీడకి చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇవన్నీ చేయాలని లేదు. నాలుగు చేసినా చాలు, రెండు మధ్యలో ఆగిపోయినా ఫరవాలేదు. కర్ర మాత్రం రేపే పాతండి, మే 5కి ఇంకా ఎన్నో రోజులు లేవు. ఆ మధ్యాహ్నం నీడ ఏమైందో నాకు ఒక కార్డు ముక్క రాయండి. మీరు కాదు, బాబు రాయాలి.